ఫ్లెక్సీ మీద మా మొహాలు

మదనపల్లెలో భీమరావు సార్ స్టూడియోలో వెన్నెల చేరి ఏడేళ్లయింది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, పుట్టువెంట్రుకలు, ఏది తీయాలన్నా ఆడవాళ్ల వైపు ఆమే ఉండాలి. ఆమె కెమెరా పట్టుకుంటే బిగుసుకుపోయిన పెళ్లికూతుళ్లు కూడా నవ్వుతారని పేరు. కురబలకోట నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చేది, ముహూర్తాల రోజుల్లో ఏ వేళకు ఇల్లు చేరేదో ఆమెకే తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అందరి పెళ్లిళ్లూ చూసీ చూసీ మొహం మొత్తిందక్కా" అనేది.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్లిపందిట్లో ఆమె చూపు ఏ మగవాడి మీదా ఆగేది కాదు. పెళ్లికూతురి జడ సర్దుతున్న స్నేహితురాలి మీదో, వక్కాకు పళ్లెం పట్టుకుని నడిచివస్తున్న పిల్ల మీదో ఆగేది. ఆ చూపు కెమెరా వెనకాల ఉండేది కనక పట్టుకున్నవాళ్లు లేరు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, భీమరావు సార్ భోజనానికి వెళ్లినప్పుడు, ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు స్టూడియోలోకి వచ్చాడు. మెళ్లో టైలర్ల టేపు ఉంది, తీయడం మర్చిపోయినట్టున్నాడు. పేరు ఇలియాస్, పుంగనూరు నుంచి వచ్చానన్నాడు. ఫోన్ ఆమె ముందుకు జరిపి గొంతు తగ్గించాడు.

"దీన్ని పెద్దది చేసిస్తావామ్మా? గోడకు పెట్టుకునేంత."

ఫోన్‌లో ఒక ఆడమనిషి గిర్రున తిరుగుతోంది. ఆకుపచ్చ గాగ్రా గొడుగులా విచ్చుకుంది. మొహం మాత్రం ఫ్లాష్ వెలుతురుకు సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోయింది.

"ఎవరన్నా ఈమె?"

"నేనే." ఆ మాట అని అతను కదలకుండా నిలబడ్డాడు. నవ్వుతుందేమో, నవ్వితే ఫోన్ లాక్కుని వెళ్లిపోదామన్నట్టు చెయ్యి బల్ల మీదే ఉంచాడు.

వెన్నెల నవ్వలేదు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. "ఈ జరీ పని ఎవరు చేసినారు?"

"నేనే. మూడు నెలలు పట్టింది."

"అదే కనబడలేదు సూడన్నా. ఇంత పని చేసుకుని, ఫ్లాష్ కొట్టి పాడు చేసినారు. దీన్ని పెద్దది చేస్తే ఇంకా అన్యాయంగా ఉంటాది."

"మరి బాగా తీసేవాళ్లు యాడ దొరుకుతారు మాకు?"

"నేను తీస్తాను" అంది వెన్నెల. ఎందుకన్నదో ఆలోచించేలోపే మాట బయటికి వచ్చేసింది.

ఆ ఆదివారం ఆమె తన సొంత కెమెరా తీసుకుని పుంగనూరు బస్సెక్కింది. ఇలియాస్ బస్టాండులో కలిసి, ఊరి చివర మూతబడిన శనక్కాయల మిల్లు దగ్గరికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం రెండు గంటలు, బయట ఎండ మాడిపోతోంది. లోపల అడుగు పెడితే చీకటి. కిటికీలన్నిటికీ టార్పాలిన్లు కట్టారు. దూలాల నుంచి సీరియల్ లైట్లు వేలాడుతున్నాయి, మూల ఒక స్పీకరు మోగుతోంది.

"పగలే రాత్రి చేసుకున్నారేంది అన్నా?"

"రాత్రి అయితే యాడికి పోతాండావని అడిగేవాళ్లు శానామంది. పగలైతే పెళ్లికి పోతాండామని చెప్పొచ్చు. బస్సులు కూడా ఉంటాయి" అన్నాడు ఇలియాస్.

లోపల ఇరవై మంది దాకా ఉన్నారు. ఆమె కెమెరా బ్యాగు చూడగానే సగం మంది గోడ వైపు తిరిగారు. ఒకతను కొంగు మొహం మీదికి లాక్కున్నాడు. అప్పుడు ఒక పొడుగాటి మనిషి లేచి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. బొట్టు రూపాయంత, గొంతు మిల్లంతా నిండేంత. ఆమె అక్కమ్మ. పదిహేనేళ్ల వయసప్పుడు ఆడదానిగా బతుకుతానని ఇల్లు వదిలి వచ్చి, ఇప్పుడు కుప్పం బస్టాండు ఎదురుగా సొంత స్థలంలో మెస్సు నడుపుతోంది. ఈ మిల్లును బాడుగకు తీసుకుంది కూడా ఆమే.

"సూడమ్మా. ఒక్కొక్క ఫొటో తియ్యి, ఎవరిది తీసినావో వాళ్లకే సూపించు. ఉంచమంటే ఉంచు. వద్దంటే వాళ్ల కళ్ల ముందరే తీసెయ్. ఇంతే ఈడ చట్టం. కుదరదంటే సంగటి తినేసి బస్సెక్కు."

"కుదురుతాదక్కా" అంది వెన్నెల.

మొదట ఇలియాస్ ఆడాడు. అక్కడ అతని పేరు గుల్‌నార్. ఆకుపచ్చ గాగ్రాలో అతను చెయ్యి తిప్పితే ఆ చేతి చివర దాకా మనసు ఉంది. అంతవరకు బల్ల అవతల గొంతు తగ్గించి మాట్లాడిన మనిషి ఇతనేనా అనిపించింది వెన్నెలకు.

తర్వాత వచ్చింది అనిత. ఆమె బస్సు కండక్టరు, డ్యూటీ దిగి సరాసరి వచ్చింది. మూలకు పోయి కాటుకతో మీసం దిద్దుకుని, గళ్ల లుంగీ మడిచి కట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని తిరిగొచ్చేసరికి ఆమె కాశప్ప అయిపోయింది. బస్సులో రెండు సీట్లు ఆక్రమించి కాళ్లు బార్లా చాపుకుని కూర్చునే మగవాళ్లందరూ ఆ కాశప్పలో ఉన్నారు. మీసం మెలేస్తూ, పక్కన నిలబడిన ఆడవాళ్లను కనబడనట్టు చూస్తూ, చిల్లర అడిగితే దేశం గురించి ఉపన్యాసం ఇచ్చే కాశప్ప. జనం పడీ పడీ నవ్వారు. వెన్నెలకు నవ్వు ఆగక మొదటి నాలుగు ఫొటోలు చెదిరిపోయాయి.

ఆట అయ్యాక అనిత చెమటతో కారిన మీసం తుడుచుకుంటూ వచ్చి కెమెరా తెర మీద తన ఫొటో చూసుకుంది. "బెంగుళూరులో దీన్ని డ్రాగ్ అంటారంట. ఎవరో చెప్పినారు. మా తట్టు వేషం అంటాం. పేరేదైతే ఏంలే." ఇంకొంచెం దగ్గరికి వంగి చూసింది. "నేను ఇంత బాగుంటానా?"

"ఉంటావు" అంది వెన్నెల. ఆ ఒక్క మాటకు ఆమె చెవులు వేడెక్కాయి.

ఆ రోజు అందరూ కలిసి ఉంచమన్నవి తొమ్మిది ఫొటోలు. వాటిలో మొహం ఉన్నది ఒక్కటే, అనితది. మిగతావన్నీ వీపులు, గాజుల చేతులు, గజ్జెల కాళ్లు, మల్లెపూల జడలు. వెన్నెల నొచ్చుకోలేదు. వీపును కూడా ఎంత జాగ్రత్తగా చూడొచ్చో ఆమె అక్కడే నేర్చుకుంది.

నెలలు గడిచాయి. ప్రతి రెండో ఆదివారం ఆమె పుంగనూరు బస్సులో ఉండేది. పెద్దమండ్యం నుంచి వచ్చే బడి టీచరు ఒకరోజు పక్కకు తిరిగి ముక్కు కనబడనిచ్చాడు. తర్వాతి నెల కళ్లు. కొంగు మొహం మీదికి లాక్కున్న మనిషి ఆరో నెలలో తనే పిలిచి, "ఇప్పుడు తియ్యక్కా, ఎదురుగా" అన్నాడు. ఆట అయ్యాక నేల మీద కూర్చుని అక్కమ్మ తెచ్చిన సంగటి, శనక్కాయల ఊరిబిండి తినేవాళ్లు. ఎవరికి ఏ సంబంధం వచ్చింది, ఎట్లా తప్పించుకున్నారు, ఎవరి మనసు ఎవరి దగ్గర ఉంది, అన్నీ అక్కడే. అనిత పక్కన కూర్చుని తింటున్నప్పుడు వెన్నెల ఒకసారి, "నాకు ఆడవాళ్లంటేనే ఇష్టం" అని గబుక్కున అనేసింది. ఎవరూ తినడం ఆపలేదు. "అది మాకు మొదటిరోజే తెల్సులే, కారెం వేస్కో" అంది అక్కమ్మ. వెన్నెల ఏడుస్తూ నవ్వింది. కారం వల్ల అని చెప్పింది.

మార్చి నెలాఖరులో ఒక పొద్దున, స్టూడియో కంప్యూటర్లో ఏదో పెళ్లి ఆల్బమ్ కోసం వెతుకుతూ భీమరావు సార్ ఆ ఫొటోలు తెరిచాడు. వెన్నెల వాటిని దిద్దడానికి తన హార్డ్ డిస్క్ తగిలించి టీకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"ఏందమ్మా ఇది? మీసాలు పెట్టుకున్న ఆడది, గాగ్రా కట్టిన మొగోడు. నా కస్టమర్లు చూస్తే వాళ్ల ఆడబిడ్డల్ని నీ ముందర కూర్చోబెడతారా?"

"నేను తీసిన ఫొటోలే సార్. సెలవు రోజుల్లో, నా కెమెరాతో."

"ఇప్పుడే డిలీట్ చెయ్యి. నేను చూడలేదనుకుంటా."

వెన్నెల హార్డ్ డిస్క్ పీకి బ్యాగులో వేసుకుంది. "డిలీట్ చేసేదానికి ఇవి నా ఒక్కదానివి కావు సార్. ఒక్కొక్కరూ చూసుకుని, ఉంచమని నాకు అప్పజెప్పినారు."

"అయితే రేపట్నుంచి రావాకు."

"రాను. ఒక్క మాట సార్. ఏడేళ్లు మీ కస్టమర్ల ఆడబిడ్డల్ని తీసింది నేనే. అప్పుడూ నేను ఇదే మనిషిని. ఎవరికీ ఏమీ కాలేదు."

భీమరావు సార్‌కు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థం కాగానే ఆమె తమ్ముడు అజయ్‌కి ఫోన్ చేశాడు.

అజయ్ ఒక ఆఫీసులో ఉద్యోగి. వాళ్ల వంశంలో నెల జీతం మొదట తెచ్చినవాడు, ఆ గౌరవం ఎక్కడ జారిపోతుందోనని ఎప్పుడూ భయపడేవాడు. సాయంత్రం వెన్నెల ఇల్లు చేరేసరికి గడపలోనే నిలబడ్డాడు.

"ఆ గుంపులో నీకేం పని?"

"అది నా గుంపు. నేనూ వాళ్లలో ఒకదాన్ని."

"ఆ మాట ఇంకోసారి ఈ ఇంట్లో అంటే నువ్వు ఈ ఇంట్లో ఉండవు."

వెన్నెల జవాబు చెప్పేలోపు లోపలి నుంచి వాళ్ల నాయన గంగులప్ప వచ్చాడు. ముప్పై ఏళ్లు మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు మోసిన మనిషి, ఎడమ భుజం ఇప్పటికీ ఒకపక్కకు ఒంగే ఉంటుంది.

"ఏం జరిగిందో నాకు సగం అర్థం కాలేదు" అన్నాడాయన. "అర్థం కాలేదని చెప్పేదానికి నాకు సిగ్గు లేదు. అయితే అజయా, ఈ ఇల్లు నా భుజం కట్టింది. ఎవరుండాలో ఎవరు పోవాలో చెప్పేదానికి నువ్వెవరు? నువ్వు లోపలికి రామ్మా."

అజయ్ ఆ రాత్రి అన్నం తినలేదు. అక్క ప్రతి రెండో ఆదివారం పుంగనూరు పోతుందని తెలుసు కనక, తెల్లారి అక్కడ తనకు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి మిల్లు సంగతి ఆరా తీశాడు. నాలుగో రోజున మిల్లు యజమాని తలుపుకు కొత్త తాళం వేసి, లోపలున్న స్పీకరు, లైట్లు రోడ్డు మీద పెట్టించాడు.

అక్కమ్మ అందరినీ కుప్పం పిలిచింది. మెస్సులో మధ్యాహ్నం భోజనాలు అయిపోయాక బల్లల చుట్టూ పదకొండు మంది కూర్చున్నారు. మిగతావాళ్లు భయపడి రాలేదు.

"ఇదంతా నా వల్లే అయింది" అంది వెన్నెల. "నేను కెమెరా తీసుకురాకపోతే..."

"నువ్వు రాకముందు రెండు చోట్ల తరిమినారు మమ్మల్ని. అప్పుడు కెమెరా యాడుంది?" అంది అక్కమ్మ.

కొన్నాళ్లు మానేద్దామన్నాడు టీచరు. ఇంకెక్కడైనా గోడౌను దొరుకుతుందేమో చూద్దామన్నారు ఇంకొకరు. ఇలియాస్ మెళ్లో టేపును వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు. పుంగనూరులో ఇద్దరు కస్టమర్లు కుట్టడానికిచ్చిన బట్టలు వెనక్కి తీసుకున్నారని అందరికీ తెలుసు.

అనిత కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ స్తంభం నుంచి స్తంభం దాకా ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. మధ్యలో నల్ల కళ్లద్దాల నాయకుడు, చుట్టూ నలభై చిన్న మొహాలు.

"అది సూడండి" అంది. "పుట్టినోళ్లకు ఫ్లెక్సీ, పోయినోళ్లకు ఫ్లెక్సీ, ఓణీ కట్టిన పిల్లకు ఫ్లెక్సీ. నేను రోజూ మూడు ఊర్లు తిరుగుతాను, గోడల మీద లేని మొహం లేదు. మనవే లేవు. గోడౌన్లు ఎన్ని ఎతుక్కుంటాం? ఈ మెస్సు ముందర అంత వాకిలి ఉండాది, అక్కమ్మదే. ఈడనే ఆడదాం, వెలుతురులో. పేర్లూ మొహాలూ వేసి పిలుద్దాం."

అక్కమ్మ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "మొహం ఇచ్చేవాళ్లు ఇవ్వండి. ఇవ్వలేనోళ్లు వీపు ఇవ్వండి. ఎవర్నీ ఎవరూ ఏమీ అనేది లేదు."

ఏడుగురు మొహం ఇచ్చారు. టీచరు చాలాసేపు ఆలోచించి చేతులు మాత్రం ఇచ్చాడు. చివరికి ఇలియాస్, "పోయే కస్టమర్లు ఎట్లాగూ పోయినారు. నాదీ వెయ్యమ్మా. ఆకుపచ్చ గాగ్రాలో ఉన్నది, జరీ కనబడేట్టు" అన్నాడు.

"నీదేదీ?" అని అనిత వెన్నెలను అడిగింది.

"నేను తీసేదాన్ని కదా."

"అయితే? గోడ మీద మేముంటాం, నువ్వు కెమెరా వెనకాలుంటావా?" అనిత ఆమె చేతిలోంచి కెమెరా లాక్కుంది. ఎక్కడ నొక్కాలో తెలియక రెండుసార్లు నేలను తీసింది. మూడోసారి వచ్చిన ఫొటో కొంచెం వంకరగా ఉంది. అందులో వెన్నెల జుట్టు చెదిరి, సిగ్గుతో, కోపంతో, తనను తీస్తున్న మనిషి వైపు సూటిగా చూస్తోంది. తన మొహంలో అంత దాపరికం లేకుండా ఉండగలదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. "ఉంచు" అంది.

ఫ్లెక్సీ షాపతను కంప్యూటర్ ముందు కూర్చుని, "ఏం ఫంక్షనక్కా?" అని అడిగాడు. ఏ ఫంక్షనూ కాదంది వెన్నెల. మరేం రాయాలన్నాడు. ఆమె చెప్పింది, అతను కొట్టాడు: "మేము ఈ తట్టోళ్లమే. ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు అక్కమ్మ మెస్సు ముందర మా ఆట. అందరూ రావచ్చు."

శనివారం పొద్దున ఆ ఫ్లెక్సీ మెస్సు గోడకు ఎక్కింది. బస్సు దిగినవాళ్లు ఆగి చదివారు. కొందరు ఉమ్మేసి పోయారు. ఒక ముసలామె మాత్రం అనిత ఫొటో చూసి, "ఈ మీసాలాయన యా ఊరాయన? ఎక్కడో సూసినట్టుందే" అని పక్కనున్నవాళ్లను అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ముగ్గురు కుర్రాళ్లు బైక్ మీద వచ్చారు. అక్కమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. అందరూ చూస్తుండగా ఒకడు బ్లేడుతో ఫ్లెక్సీని పైనుంచి కిందికి కోశాడు. ఆ కోత సరిగ్గా ఇలియాస్ మొహం మధ్యలోంచి పోయింది. తర్వాత ముగ్గురూ పారిపోకుండా, ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి టీ చెప్పుకున్నారు. ఏం చేస్తారో చూద్దామన్నట్టు.

అప్పటికి ఇలియాస్ లోపల వేషం కట్టుకుంటున్నాడు. వెన్నెల పరుగెత్తి వచ్చి చెప్పింది. అతను ఏడుస్తాడనుకుంది, లేదా మూట సర్దుకుంటాడనుకుంది. అతను అద్దంలో చూసుకుంటూ పెదాలకు రంగు పూర్తిగా వేసుకున్నాడు.

"అక్కమ్మా, బియ్యం మూటలు కుట్టే దబ్బనం ఉండాదా?"

"ఉండాది. ఎర్ర దారమే ఉండాది కానీ."

"ఎర్రదే కావాల."

ఆకుపచ్చ గాగ్రా, చేతుల నిండా గాజులు, తలలో పూలు. గుల్‌నార్‌గా ఇలియాస్ ఒక స్టూలు మోసుకుని పట్టపగలు రోడ్డు మీదికి వచ్చాడు. గోడ పక్కన స్టూలు వేసుకుని ఎక్కి, తన మొహాన్ని తనే కుట్టడం మొదలుపెట్టాడు. నుదుటి దగ్గర మొదలై, ముక్కు పక్కగా, పెదాల మీదుగా. తొందరపడలేదు. పెళ్లి జాకెట్టుకు వేసినంత నీటుగా కుట్లు వేశాడు. బస్టాండులో జనం లేచి నిలబడ్డారు. బెంగుళూరు బస్సు డ్రైవరు ఇంజను ఆపి చూశాడు. వెన్నెల ఎండలో మోకాళ్ల మీద కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు తీస్తూనే ఉంది.

ఇంతలో లోపలి నుంచి కాశప్ప వచ్చాడు. మీసం దిద్దుకుని, లుంగీ మడిచి, భుజానికి టికెట్ల సంచి తగిలించుకుని అనిత నేరుగా రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి నడిచింది. వెన్నెల కెమెరాను అటు తిప్పి ఆ కుర్రాళ్లను కూడా తీసింది.

"నువ్వు రామచంద్రవి కదప్పా?" అంది అనిత, బ్లేడు పట్టిన కుర్రాడితో. "రోజూ పొద్దున నా బస్సులోనే కాలేజీకి వస్తావు. పాస్ మర్చిపోయినానంటే మూడుసార్లు వదిలేసినాను."

కుర్రాడు మీసం వైపు, మొహం వైపు మార్చి మార్చి చూశాడు. గుర్తుపట్టాక బ్లేడు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఈ ఆటకు పాస్ అక్కర్లేదు. కూర్చుంటావా, ముందు వరసలో కూర్చో. పోతావా, పో. ఇంకోసారి బ్లేడు బయటికి తీస్తే మాత్రం, ఇంత మంది ముందర ఏం చేసినావో ఇదే బస్టాండులో మైకు పెట్టి చెప్తాను. మా ఫొటోలు తీసే ఆమె నీదీ తీసింది. బాగా వచ్చినావు."

టీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అటూ ఇటూ పాకింది. ముగ్గురూ టీ సగంలోనే వదిలి బైక్ ఎక్కారు.

అయిదింటికి వాకిట్లో రెండు వందల మంది ఉన్నారు. అందరూ మంచి మనసుతో వచ్చారని చెప్పలేం. వెటకారం చేద్దామని వచ్చినవాళ్లున్నారు, బస్సు ఆలస్యమై వచ్చినవాళ్లున్నారు. ఒకడు మధ్యలో ఈల వేసి బూతుమాట అంటే, అక్కమ్మ గరిటెతోనే లేచి వచ్చి, "ఆ నోటితోనే నా సంగటి తింటాండావు రోజూ" అంది. అతను కూర్చున్నాడు. కాశప్ప రెండు సీట్లు ఆక్రమించినప్పుడు ఆడవాళ్లు విరగబడి నవ్వారు. మెస్సు గుమ్మంలో నిలబడ్డ టీచరు, చేతులు మాత్రమే ఇచ్చిన మనిషి, పాట సగంలో ఉండగా గజ్జెలు కట్టుకుని వాకిట్లోకి దిగాడు. వెన్నెల కెమెరా ఎత్తి, ఆగి, కళ్లతో అడిగింది. అతను తలూపాడు.

తర్వాత అంతా చక్కబడిందని కాదు. ఇలియాస్‌కు ఇంకా కొంతమంది కస్టమర్లు పోయారు. పలమనేరు నుంచి ఒక డాన్స్ ట్రూపు వాళ్లు వెతుక్కుంటూ వచ్చి గాగ్రాలు కుట్టించుకున్నారు. అజయ్ అక్కతో మాట్లాడటం మానేశాడు, ఆమె ఇంటికి వచ్చిన రోజుల్లో ఒకే కుండలో అన్నం తింటూనే. గంగులప్ప ఒకసారి ఆ ఫొటోలు చూపించమని అడిగి, కుట్లు పడిన ఫ్లెక్సీ ముందు నిలబడ్డ ఇలియాస్‌ను చాలాసేపు చూసి, "చెయ్యి తిరిగిన మనిషి" అన్నాడు. వెన్నెల కుప్పంలో మెస్సు పక్క గదిలో సొంతంగా స్టూడియో పెట్టుకుంది. అనిత డ్యూటీ దిగి వచ్చేవరకు షట్టరు దించదు.

రెండో ఆటకు వేసిన ఫ్లెక్సీ మీద వెన్నెల ఫోన్ నంబరు కూడా పెట్టారు. తిట్టడానికి చేసేవాళ్లు చేస్తారు. ఆమె విని, "అయిపోయిందా అప్పా?" అని అడిగి పెట్టేస్తుంది. ఏమీ మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపించే కాల్స్ కూడా వస్తాయి. అవి ఆమె పెట్టేయదు.

అలాంటిదే ఒకటి ఒక మధ్యాహ్నం రెండు నిమిషాలు మౌనంగా సాగింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"అక్కా, నాది రామసముద్రం. మొహానికి చున్నీ కట్టుకుని రావొచ్చా?"

"రావొచ్చు."

"ఫొటో తియ్యవు కదా?"

"నువ్వు తియ్యమనేదాకా తియ్యను."

"మా ఊరి నుంచి పుంగనూరు దాకా వస్తాను. ఆడ్నుంచి బస్సు ఎన్నింటికక్కా?"

వెన్నెల ఫోన్ చెవికి ఆనించుకునే, అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న అనితను కేకేసి అడిగింది. అనిత రోడ్డు అవతలి నుంచే గట్టిగా, బస్టాండంతా వినబడేట్టు, బస్సుల వేళలన్నీ చెప్పడం మొదలుపెట్టింది.